ఇల్లు అమ్మితే బావి ఎవరిది?

మా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. ఇక్కడివాళ్లైతే "కాయితాలు సక్కగున్నయా?" అంటారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లైతే "డాక్యుమెంట్లు క్లియరేనా అండి?" అంటారు. మాట వేరైనా భయం ఒకటే. గోడలూ కప్పూ తామే చూసుకున్నామనీ, కంటికి కనబడనిదంతా కాగితంలో ఉంటుందనీ వాళ్ల నమ్మకం. దస్తావేజులు రాసే పనిలో దిగిన కొత్తలో నాదీ అదే నమ్మకం. కాగితంలో లేని సంగతులు కొన్ని కంటికి కనబడతాయని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కంప్యూటర్‌లో పాత నమూనా తెరిచి, పేర్లూ హద్దులూ మార్చి దస్తావేజు తీసేస్తున్నారు. వాళ్లను తప్పు పట్టను. మేమూ చేత్తో అదే పని చేశాం. ఒకరి ఇంటికి కొలిచి రాసిన మాటలు ఇంకొకరి ఇంటికి సరిపోతాయా అని ఆగి చూసుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. నాకు అది హఫీజ్‌పేట్‌లో ఒక పెరట్లో తెలిసింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జనం అడిగేవి, అడగనివి

"ఈసీ తీశాం. అందులో ఏమీ లేదు. ఇక భయం లేనట్టేగా?" అని అడుగుతారు. ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపించే ఆ కాగితానికి, రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కిన సంగతులే తెలుసు. డెబ్బైల మొదట్లో మా చుట్టుపక్కల ఊళ్లలో తండ్రి కొడుకులకు ఇల్లు పంచితే, నలుగురిని అరుగు మీద కూర్చోబెట్టి నోటితో పంచేవాడు. ఇటు అర్ర పెద్దోనిది, అటు అర్ర చిన్నోనిది అనేవాడు. అందరూ చాయ్ తాగి లేచేవాళ్లు. ఆ మాట ఏ ఆఫీసుకూ వెళ్లేది కాదు. అయినా ఊళ్లో దాన్ని కాదన్నవాడు లేడు.

"హద్దులు ఎవరిని అడిగి రాయాలి?" ఇది మంచి ప్రశ్న. అమ్మేవాణ్ని అడిగితే చాలదు. హద్దుకు అవతల ఉన్నవాణ్ని అడగాలి.

"ఇంటితో పాటు ఏమేమి వస్తాయి?" ఈ ప్రశ్నను కొనకముందు ఎవరూ అడగరు. కొన్నాక పరుగెత్తుకుంటూ వచ్చి అడుగుతారు. గచ్చిబౌలి వైపు ఒకాయన ఇల్లు అమ్మి, తాళం ఇచ్చే రోజున తలవాకిలి ద్వారబంధం పీకి బండి మీద వేసుకుపోయాడు. కొన్నాయన పాలు పొంగించడానికి కుటుంబంతో వస్తే ఇంటి ముందు గోడకు పెద్ద బొక్క ఉంది.

ఇద్దరూ మా బల్ల దగ్గరికే వచ్చారు. "ఇల్లు అమ్మిన. కడప అమ్మలే," అన్నాడు అమ్మినాయన నిబ్బరంగా. "మా అమ్మ దినాం పసుపు రాసిన కడప అది. దాన్ని ఎవడన్న అమ్ముతడా?"

"గడప లేకుండా ఇల్లేమిటండీ? మేం ఎక్కడి నుంచి లోపలికి వెళ్లాలి?" అన్నాడు కొన్నాయన.

"బొక్కల నుంచి పోయినరు గద. గట్లనే పోండ్రి."

ఎవరి ఊరి పద్ధతి ప్రకారం వాళ్లు సరైనవాళ్లే. దస్తావేజులో ద్వారబంధం మాటే లేదు. చివరికి అమ్మినాయన కొత్త ద్వారబంధం చేయించి ఇచ్చాడు. పాతది మాత్రం వదల్లేదు.

నా చదువు

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. సెలవు దొరికితే బస్సెక్కి నగరంలోని పెద్ద గ్రంథాలయానికి పోయేవాణ్ని. నిఘంటువులు, శాసనాల సంపుటాలు, ఆస్తి చట్టాల మీద తెలుగులో దొరికిన పుస్తకాలు వరుసగా చదివాను. అర్థం కాని చోట ఆగి, ఇంకో పుస్తకం తెచ్చుకుని, మళ్లీ వెనక్కి వచ్చేవాణ్ని. నాకు దారి చూపినవాళ్లు లేరు కాబట్టి అవసరం లేనివి కూడా చాలా చదివాను. వాటిలో కొన్ని తర్వాత అవసరమయ్యాయి. ఈ చదువు గురించి చెప్పుకోవడం నాకు ఇష్టం. దాచుకోను.

కోస్తా నుంచి వచ్చినవాళ్లు తమ తండ్రుల నాటి దస్తావేజులు తెచ్చి, ఇలాగే రాయమనేవాళ్లు. వాటిలో ఒక పెద్ద వాక్యం ఉండేది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగములతో ఇల్లు అమ్మినట్టు రాసేవాళ్లు. మేము మంత్రం చదివినట్టు రాసుకుంటూ పోయేవాళ్లం. అర్థం తెలియకుండా రాయడం నాకు నచ్చక, గ్రంథాలయంలో వెతికాను. భూమిలో దొరికే ధనం, దాచిపెట్టిన ధనం, నీళ్లు, రాళ్లు, ఇప్పుడు వచ్చే ఫలం, ముందు ముందు వచ్చేది, చేతికి అందినది, ప్రయత్నిస్తే అందేది. పాత శాసనాల్లో అగ్రహారాలు ఇచ్చేటప్పుడు చెక్కించిన మాటలవి. ఎప్పుడో ఒక ఊరు మొత్తాన్ని దానం ఇవ్వడానికి వాడిన మాటల్ని మేము రెండు అర్రల పెంకుటింటికి వాడుతున్నాం.

సాబ్

నాకు పని నేర్పింది ఖాజా సాబ్. పాతకాలంలో ఉర్దూలో దస్తావేజులు రాసి, తెలుగు వచ్చాక తెలుగులో రాయడం నేర్చుకున్న మనిషి. ఆయన చేతిరాత అందంగా ఉండేది, మాట కరుకుగా ఉండేది. పొగడ్త ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

అష్టభోగాల వాక్యం మొదటిసారి చదివి వినిపించినప్పుడు కళ్లద్దాలు పైకి జరుపుకుని, "ఏందిరా ఈ శ్లోకం?" అన్నాడు.

"శ్లోకం కాదు సాబ్. ఇంటితో పాటు పోయే హక్కులు. నిధి గూడ ఉన్నది."

"వాని ఇంట్ల నిధి ఉన్నదా?"

"ఉంటే అమ్ముతడా సాబ్?"

"మరి లేనిదెందుకు రాస్తున్నవ్?"

అందరూ రాస్తున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. దస్తావేజు రాసే ముందు మా ఇద్దరిలో ఒకరం ఇల్లు చూసి రావాలి. "పొద్దుగాల పో. పనులు నడిచేటప్పుడు పో. మిట్ట పగటిపూట పోతే ఇల్లు పండుకుని ఉంటది, నీకేం చెప్పదు," అనేవాడు. తోటి రాతగాళ్లు నవ్వేవాళ్లు. మేము ఒకటి రాసేలోగా వాళ్లు నాలుగు రాసేవాళ్లు. డబ్బు లెక్కన చూస్తే వాళ్లదే తెలివి. నేను ఈ వయసులో చెప్పుకోవడానికి ఉన్నవన్నీ మాత్రం సాబ్ పంపగా వెళ్లి చూసినవే.

హఫీజ్‌పేట్ ఇల్లు

అమ్మేవాడు మల్లయ్య. బాచుపల్లిలో బామ్మర్దులు చూసిన జాగాకు మారాలని తొందరలో ఉన్నాడు. కొనేవారు సుబ్రహ్మణ్యం గారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం చేస్తున్నారు. ఇల్లిల్లూ మారుతూ కిరాయికి ఉండి విసిగిపోయి, సొంత ఇల్లు కావాలనుకున్నారు. ఆ రోజుల్లో కోస్తావాళ్లంటే ఇక్కడివాళ్లకూ, ఇక్కడివాళ్లంటే వాళ్లకూ లోపల కొంచెం బెరుకు ఉండేది. మర్యాదలు మాత్రం బాగానే నడిచేవి.

సుబ్రహ్మణ్యం గారు తండ్రిగారి దస్తావేజు పట్టుకొచ్చారు. "ఇది మా ప్లీడరు గారు దగ్గరుండి రాయించిందండి. ఒక్క మాట కూడా పోకుండా ఇలాగే కావాలి," అన్నారు.

"ఏం రాస్తరో రాయుండ్రి. నాకు జల్ది కావాలె," అన్నాడు మల్లయ్య.

మర్నాడు పొద్దున్నే నేను ఇల్లు చూడ్డానికి వెళ్లాను. మల్లయ్య ఇంట్లో లేడు. పెరట్లో రాతి అంచున్న చేదబావి ఉంది. దాని పక్కనే పొట్టి గోడ, గోడలో ఒక చిన్న తలుపు. ఇక్కడ దాన్ని దిడ్డి అంటారు. ఆ దిడ్డిలోంచి ఒక పెద్దమ్మ బొక్కెన, తాడు పట్టుకుని వచ్చి నీళ్లు చేదడం మొదలుపెట్టింది. గోడ అవతల రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"దస్తావేజు రాసెటోణ్ని అమ్మా. ఇల్లు సూద్దమని వచ్చిన."

"సూడు. కొనేటోళ్లు గూడ సూసిపోయిండ్రు. ఇల్లు సూసిండ్రు, జాగ సూసిండ్రు. ఈడ నేనొకదాన్ని ఉన్ననని ఎవలు సూడలే."

ఆమె పేరు బాలమ్మ. మల్లయ్యకు వదిన. భర్త పోయాక పక్క భాగంలో ఒంటరిగా ఉంటూ, బర్రెల పాలు అమ్ముకుని బతుకుతోంది. ఆ వాడలో మంచినీళ్ల బావి అదొక్కటే. దగ్గరలో ఉన్న ఇంకో బావిలో ఉప్పునీళ్లు, బర్రెలు ముట్టవు. ఊరి బయట బావి నుంచి మోసుకు రావడానికి ఆమె మోకాళ్లు సహకరించవు.

"ఈ బాయి మల్లయ్యదేనా అమ్మా?"

"బాయి వాని జాగల పడ్డది. నీళ్లు ఇద్దరియి. మా మామ పంచినప్పుడే చెప్పిండు. నలుగురు విన్నరు."

"విన్నోళ్లు ఉన్నరా?"

"అందరు పోయిండ్రు. నేనున్న."

"ఎక్కడన్న రాసుకున్నరా?"

ఆమె నవ్వింది. "నీళ్ల మీద ఎట్ల రాస్తరు బిడ్డా?"

బొక్కెన పైకి వస్తున్నప్పుడు తాడు రాతి అంచు మీద ఒకే చోట జారడం చూశాను. దగ్గరికి వెళ్లి చేయి పెట్టి చూశాను. మల్లయ్య ఇంటి వైపు అంచు మీద తాడు కోసిన గాళ్లు ఉన్నాయి. దిడ్డి వైపు అంచు మీద కూడా ఉన్నాయి, ఇంకా లోతుగా. నా వేలు సగం దాకా దిగింది. అంత గాడి పడాలంటే ఎన్నేళ్లు లాగి ఉండాలి?

"మీ దిక్కే ఎక్కువ అరిగింది," అన్నాను.

"బర్లు తాగుతయి గద," అంది బాలమ్మ, నీళ్లు మోసుకుపోతూ.

మూడో మాట

తిరిగి వచ్చి చిత్తు ప్రతి ముందేసుకున్నాను. అష్టభోగాల్లో మూడోది, జల. సుబ్రహ్మణ్యం గారు కోరినట్టే రాస్తే, బావీ అందులోని నీళ్లూ ఏ మినహాయింపూ లేకుండా అమ్ముడుపోయినట్టే. రేపెప్పుడైనా దిడ్డి మూసేసి గోడ లేపితే, బాలమ్మ చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. కోర్టు దాకా పోయి, ఇన్నేళ్లుగా వాడుకుంటున్నానని రుజువు చేసుకోవచ్చని చట్టం పుస్తకంలో ఉంది. పాలమ్ముకునే ముసలామె కోర్టు చుట్టూ తిరుగుతుంటే బర్రెలకు నీళ్లెవరు పెడతారో పుస్తకంలో లేదు.

సాబ్‌కు చెప్పాను. ఆయన ముందు విసుక్కున్నాడు. "అమ్మేటోడు చెప్పలే, కొనేటోడు అడగలే. నడుమ నీకెందుకు? మనం రాసేటోళ్లం. ఎవరిది న్యాయమో, ఆ ఇన్సాఫ్ కోర్టు చేస్తది."

"అంచు బండ మీద గాళ్లున్నయి సాబ్. ఆమె దిక్కు."

"ఎంత లోతు?"

వేలు మీద చూపించాను. ఆయన నా వేలు చూసి, కలం మూత పెట్టాడు. "ఇద్దర్ని అక్కడికే రమ్మను. నేను గూడ వస్త."

వంతు

ఆదివారం పొద్దున ఆ పెరట్లోనే కలిశాం. సుబ్రహ్మణ్యం గారు భార్య కామేశ్వరి గారితో వచ్చారు. బాలమ్మ దిడ్డి దగ్గర నిలబడింది. నేను సంగతి చెప్పగానే మల్లయ్య ముఖం మారింది.

"నడుమ నీకేంది పరేషాని? మా వదినెకు నీళ్లు వద్దని ఎవడన్నడు?"

"ఎవరూ అనలే. ఇకముందు అనకుండ రాద్దమంటున్న."

"నేను నీళ్లు ఆపేవాడిలా కనబడుతున్నానా అండి?" అన్నారు సుబ్రహ్మణ్యం గారు. ఆయన నొచ్చుకున్నారు.

"మీరు ఆపరు సార్. మీకు బదిలీ అయితే ఇల్లు ఎవరికి అమ్ముతారో, వాళ్ల పేరు నాకు తెలియదు."

కామేశ్వరి గారు అప్పటిదాకా దిడ్డి వైపే చూస్తున్నారు. "రాసిచ్చేస్తే ఇక ఇది మా పెరడు ఎలా అవుతుందండి? ఎవరు ఎప్పుడు తలుపు తోసుకుని వస్తారో తెలియకపోతే, నేను ఇక్కడ తలారబోసుకుని కూర్చోగలనా?"

ఆ మాటలో న్యాయం ఉంది. సుబ్రహ్మణ్యం గారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు. "మెలికలున్న ఆస్తి వద్దండి. మేం ఇంకోటి చూసుకుంటాం." మల్లయ్య బావి గట్టు మీద కూలబడ్డాడు. వదిన వంక చూడకుండా, "ఇగ అయిపాయె. నీ బొక్కెనతోటి నన్ను ముంచితివి," అన్నాడు.

బాలమ్మ దిడ్డి దగ్గరే నిలబడి ఉంది. నా వైపు తిరిగి అడిగింది.

"బిడ్డా, నాకు నీళ్లని రాస్తున్నవు. పూడిక సంగతి రాసినవా?"

"లేదమ్మా."

"అదేం రాత మరి? ఎండకాలం బాయిల మట్టి తియ్యాలె. ఇన్నేండ్లు మల్లిగాడు ఒక మనిషిని పెడితే నేనొక మనిషిని పెట్టిన. నా వంతు నేను పెడతనని రాయి. అది లేకుంట ఉత్త నీళ్లు నాకెందుకు? ధర్మానికి పోసినట్టయితది."

సాబ్ తన తెల్ల గడ్డం సవరించుకుంటూ నేల చూస్తున్నాడు. ముందుగా నోరు విప్పింది కామేశ్వరి గారే.

"పూడిక ఏటేటా తీయాలా అండి?"

"తియ్యకుంటే నీళ్లు రావు బిడ్డా. నీకెరుక లేదా?"

"మా ఊళ్లో కాలవ నీళ్లండి. బావి సంగతి నాకేం తెలుసు?"

"నేను చూపిస్త. మనిషి ఎవడు మంచోడో, ఎవడు బాయిల దిగి బీడీ తాగుతడో నాకెరుక."

కామేశ్వరి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "పొద్దున, సాయంత్రం రండి. మధ్యాహ్నం మాత్రం వద్దు, నేను పడుకుంటాను."

"పగటిపూట నాకు మాత్రం ఏం పని? నేనూ పండుకుంట."

సుబ్రహ్మణ్యం గారు చెప్పులు విడిచి వెనక్కి వచ్చారు. "సరే, రాయండి," అన్నారు. అంతలోనే, "మరి మా నాన్నగారి దస్తావేజులో ఉన్న ఆ వాక్యం?" అని అడిగారు.

"ఉంటుంది సార్. జల దగ్గర మాత్రం ఆగి, ఈ బావి సంగతి రాసి, తర్వాత ముందుకు పోతాను."

రాసింది

ఆ భాగాన్ని పెద్ద మాటలు లేకుండా రాశాను. పెరటిలోని బావి కొన్నవారిది. పొద్దున, సాయంత్రం దిడ్డి గుండా వచ్చి నీళ్లు తోడుకునే హక్కు బాలమ్మకూ, ఆమె తర్వాత ఆ ఇంట్లో ఉండేవారికీ ఉంది. పూడిక తీసే పనికి ఇరువైపులవారూ సమానంగా మనుషులను పెట్టాలి. ఇల్లు ఎవరి చేతికి మారినా ఈ కట్టుబాటు మారదు.

అమ్మకం దస్తావేజులో కొనేవారి సంతకం మామూలుగా ఉండేది కాదు. ఈసారి పెట్టించాం, ఎందుకంటే బరువు ఒప్పుకుంటున్నది వాళ్లు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరి మీద బాధ్యత పడుతుందో వాళ్ల సంతకం లేని షరతు ఎదుటివాళ్లను నమ్మించడానికే పనికొస్తుంది.

రిజిస్ట్రేషన్ రోజున బాలమ్మ బర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి వచ్చింది. అంతా చదివి వినిపించాక వేలిముద్ర వేసే ముందు, "పూడిక ముక్క ఇంకోపారి చదువు," అంది. చదివాను. తల ఊపి ముద్ర వేసింది. నీళ్ల ముక్క మళ్లీ చదవమని అడగలేదు. మల్లయ్య బయటికి వచ్చాక ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. "ఇగ బాచుపల్లికి రావా వదినె?" అన్నాడు. "బర్లను ఎవలు సూస్తరు?" అంది ఆమె.

ఎనిమిది మాటల అర్థాలు నాకు గ్రంథాలయం చెప్పింది. అది తక్కువ సంగతేమీ కాదు. ఆ చదువు లేకపోతే జల అనే మాట దగ్గర నా కలం ఆగేదే కాదు. అయితే సాబ్ ఆ పొద్దున నన్ను ఇల్లు చూడమని పంపకపోతే, అర్థం తెలిసి కూడా ఆ మాటను అలాగే రాసిపారేసేవాణ్ని.

గిలక

ఒకటి రెండు ఎండాకాలాలు గడిచాక, ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్తూ ఆ దారిన పోయాను. పూడిక తీస్తున్నారు. ఒక మనిషి బావిలో ఉన్నాడు, ఒకడు పైనుంచి బురద గంపలు లాగుతున్నాడు. బాలమ్మ గట్టు మీద కూర్చుని లోపలివాణ్ని కేకలేస్తోంది. కామేశ్వరి గారు పక్కనే కొంగు నడుముకు దోపుకుని నిలబడి, ఆమె అన్న మాటే తన యాసలో మళ్లీ అంటున్నారు.

నన్ను చూసి ఆవిడ, "రండి, మీ బావి చూద్దురుగాని," అన్నారు.

బావి మీద కొత్తగా రెండు స్తంభాలు లేపి, దూలం వేసి గిలక పెట్టించారు. అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ అందేలా, సరిగ్గా నడిమధ్యన. "ఆవిడ మోకాళ్లు చూడలేక పెట్టించాను," అన్నారు కామేశ్వరి గారు. "పిల్ల మంచిదే. పగటిపూట పండుకుంటది గని," అంది బాలమ్మ.

వచ్చేముందు అంచు బండ మీద మళ్లీ వేలు పెట్టి చూశాను. పాత గాళ్లలో దుమ్ము చేరి ఉంది. గిలక మీద నడిచే తాడు రాయిని తాకదు. ఇకమీదట బాలమ్మ ఎన్నేళ్లు నీళ్లు చేదినా ఆ బండ మీద గుర్తు పడదు. రేపు ఆ పెరట్లోకి ఎవరైనా రాతగాడు పొద్దున్నే వచ్చి, ఎంత శ్రద్ధగా చూసినా, నీళ్లు ఎవరివో రాయి అతనికి చెప్పదు. ఆ పని ఇక కాగితం చెయ్యాలి.